డెబ్బై ఏడో నంబరు బుట్ట

ఆర్లిస్ స్టిడమ్ జైల్లోనే చావాలి. తొమ్మిదేళ్ళుగా నేను కోరుకున్నది ఇదొక్కటే. మా నాన్న హోబర్ట్ సైజ్‌మోర్‌ని రెండు గుళ్ళతో చంపినవాడు, అప్పీలు పేరుతో సోమవారం పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ కోర్టు మెట్లెక్కబోతున్నాడు. అందుకే శుక్రవారం పదింటికల్లా నేను జైలు ములాఖాత్ గదిలో వాడి ఎదురుగా కూర్చున్నాను.

నా పేరు రేవా. లెక్సింగ్టన్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌ని. మొగుళ్ళ మీద అనుమానమున్న పెళ్ళాలూ, పెళ్ళాల మీద అనుమానమున్న మొగుళ్ళూ నాకు కూడు పెడతారు. ఈ కేసులో నన్నెవరూ పెట్టుకోలేదు. నా అంతట నేనే పెట్టుకున్నాను.

ఆర్లిస్ ఆరడుగుల మనిషి. ఇప్పుడు భుజాలు జారిపోయి, జుట్టు సగం నెరిసింది. చూసి నా కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు.

"నువ్వొస్తావని తెలుసు. ఇన్నేళ్ళు పట్టిందేంటా అనుకుంటున్నా" అన్నాడు.

"కబుర్లొద్దు. అక్టోబరు తొమ్మిది, మంగళవారం. సాయంత్రం ఆరూ పదికి ఎక్కడున్నావు?"

"గనిలో. మూడింటికి దిగాను, రాత్రి పదకొండింటికి పైకొచ్చాను."

"ఏంటి రుజువు?"

"బోర్డు మీద నా బిళ్ళ."

మా కొండల్లో గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరేసిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేముందు బోర్డు మీద 'లోపల' వైపు కొక్కేనికి తగిలించాలి, పైకొచ్చాక 'బయట' వైపుకి మార్చాలి. పైకప్పు కూలితే లోపలెవరున్నారో ఆ బోర్డే చెబుతుంది. ఆ రోజు డెబ్బై ఏడో బిళ్ళ ఎనిమిది గంటలూ 'లోపలే' ఉంది. హత్య చోట లేనన్న వాడి వాదన మొత్తం ఆ ఇత్తడి ముక్క మీదే నిలబడింది.

"బిళ్ళ లోపలుంటే మనిషి లోపలున్నట్టేనా? నీ బదులు ఎవడో తగిలించాడు. జూరీ కూడా అదే నమ్మింది. అటు మా నాన్న ట్రక్కు దగ్గర్నుంచి నడిచెళ్తున్న నిన్ను రోడ్డు పక్కింటి వెర్నా అత్త తన వసారాలోంచి ముప్ఫై అడుగుల దూరంలో, వెలుతురుండగానే చూసింది. కోర్టులో ఏమందో గుర్తుందా?"

"'ఆ బొగ్గు ముఖాన్ని చచ్చేదాకా మరిచిపోను' అంది."

ఆ వాక్యాన్ని నేను తొమ్మిదేళ్ళుగా జపంలా చదువుకుంటున్నాను.

"బొగ్గు ముఖం. ఆ మాటే పట్టుకో" అన్నాడు వాడు ముందుకు వంగి. "ఆ రోజు మా షిఫ్టులో ఒక్కడి ముఖానికీ బొగ్గు లేదు, రేవా. సున్నం. మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు. పిలిపించింది ఎవరనుకున్నావు? మీ నాన్నే. ఆర్నెల్లుగా గోడలకి పొడి కొట్టలేదని యూనియన్ తరఫున ఉత్తరం రాశాడు. మధ్యాహ్నం సూపరింటెండెంటు పరుగెత్తుకొచ్చి, తవ్వకం ఆపండి, గనంతా సున్నపురాయి పొడి కొట్టండన్నాడు. మూడింటి నుంచి పదకొండు దాకా అదే పని. పైకొచ్చేసరికి మేమంతా పిండిమరలో పడ్డ ఎలకల్లా ఉన్నాం."

బొగ్గు ధూళి అంటుకుని గని పేలకుండా గోడలకి ఆ పొడి కొడతారు. గనివాడి కూతుర్ని, అది నాకొకడు చెప్పక్కర్లేదు.

"కంపెనీ పుస్తకంలో ఆ షిఫ్టు బొగ్గు తవ్విందని ఉంది."

"ఉంటుంది మరి. అప్పటికప్పుడు పొడి కొట్టించామని రాస్తే, అంతకుముందు కొట్టలేదని ఒప్పుకున్నట్టేగా! ఉద్యోగాలు పోతాయని మా షిఫ్టులో ఒక్కడూ నోరెత్తలా. మా ఫోర్‌మన్ ఓరా స్లోన్ ఈ వసంతంలో పోతూ పోతూ నిజం చెప్పి సంతకం పెట్టాడు. దాని మీదే ఈ అప్పీలు."

"చావబోయే ముసలాడు. నీ మీద జాలిపడి ఉంటాడు."

"సరే. అయితే నా బుట్ట దించు."

మావాళ్ళు ఊరికే అనే మాట కాదది.

గని స్నానాల కొట్టంలో అలమారాలుండవు. ఒక్కొక్కడికీ ఒక ఇనప బుట్ట, దానికో గొలుసు. బట్టలు బుట్టలో వేసి, కప్పీ మీదుగా పైకప్పు దాకా లాగి, గొలుసుకి తాళం వేసుకుంటారు. ఒకడి బుట్టని ఇంకొకడు దించడు. దించితే ఆ మనిషి మళ్ళీ గనిలోంచి పైకి రాడని మావాళ్ళ భయం. పోయినవాడి బుట్టని ఇంటివాళ్ళే వచ్చి దించుకోవాలి. నాన్నది పన్నెండో నంబరు. అమ్మ దించితే అందులో ఒక దువ్వెనా, సగం అరిగిన సబ్బూ ఉన్నాయి. ఆ సబ్బు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

"ఆ రాత్రి డిప్యూటీ షెరీఫ్ డెంజిల్ హాల్కమ్ నన్ను స్నానాల కొట్టంలోనే పట్టుకున్నాడు. ఒళ్ళు కడుక్కోనివ్వలా. బట్టలు మార్చుకుని నడువన్నాడు. పని బట్టలు బుట్టలో పడేసి పైకి లాగి తాళమేశా. వారం తిరక్కుండా సమ్మె మొదలైంది, రాత్రీపగలూ యూనియన్ వాళ్ళు కొట్టంలోనే కూర్చున్నారు. తర్వాత గనే మూతబడింది. బట్టలు అక్కడే ఉన్నాయి."

"బుట్ట ఖాళీ అని డెంజిల్ బాబాయ్ రిపోర్టులో రాశాడు."

"అది అంకెల తాళం. అంకెలు నాకొక్కడికే తెలుసు. తియ్యకుండా ఖాళీ అని మీ బాబాయ్‌కెలా తెలిసిందంట?"

"మీ లాయరుతో దింపించుకో. నేనెందుకు?"

"మా లాయరు దించితే, ముందే తెచ్చి పెట్టారంటారు. హోబర్ట్ కూతురు దించితే ఎవడూ నోరెత్తడు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "బట్టలు నల్లగా ఉంటే సోమవారం నువ్వే తెచ్చి జడ్జి ముందు పడెయ్యి. నేను అప్పీలు ఎత్తేసుకుని చచ్చేదాకా ఇక్కడే పడుంటా" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో నేను విన్న మంచి మాట అది. అంకెలు రాసుకుని లేచాను. పదహారు, నాలుగు, ముప్ఫై. జైలు గేటు దాటేటప్పుడు నవ్వుకుంటున్నానని నాకు తర్వాత తెలిసింది.

*

రెండింటికి గని దగ్గరున్నాను. కాపలావాడు పుస్తకంలో సంతకం పెట్టించుకుని కొట్టం తాళం తీశాడు. లోపల తలపైన రెండు వందల బుట్టలు. సగం ఖాళీగా వేలాడుతున్నాయి, కొన్నిట్లో ఇంకా చొక్కాలూ బూట్లూ ఉన్నాయి. గోడ మీద నంబర్లు చూసుకుంటూ డెబ్బై ఏడు దగ్గర ఆగాను. తాళం తుప్పు పట్టి ఉంది. చూస్తే ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

మొదటి అంకె తిప్పుతుండగానే బయట కారు తలుపు చప్పుడైంది.

"రేవా తల్లీ, నాకొక మాట చెప్పకుండా వచ్చావేంటి?"

డెంజిల్ బాబాయ్. బాబాయ్ అన్నది పిలుపుకే. అప్పట్లో డిప్యూటీ. ఈ కేసు పట్టుకుని పేరు తెచ్చుకున్నవాడు. నవంబరు ఎన్నికల్లో కౌంటీ పోలీసు పెద్ద, అంటే షెరీఫ్ పదవికి నిలబడుతున్నాడు. నాన్న అంత్యక్రియల్లో నా భుజం మీద చెయ్యేసి, 'వాణ్ణి వదలను' అని మాటిచ్చింది ఈయనే. కాపలావాడు ఫోన్ చేసి ఉంటాడు. వస్తూనే బల్ల మీద కాలు పెట్టి, జేబురుమాలుతో బూటు మీది దుమ్ము తుడుచుకున్నాడు. సైన్యంలో అబ్బిన అలవాటు. ఆ బూట్లలో ముఖం చూసుకోవచ్చు.

"చెప్పడానికేముంది బాబాయ్? బుట్ట ఖాళీ అని నువ్వే రాశావుగా."

"రాశాను. మరి ఇంకెందుకు వెతుకులాట?"

"తాళం తియ్యకుండా ఎలా రాశావో అర్థంకాక."

"కింద నుంచి చూశా. ఏమీ కనబళ్ళా" అన్నాడు. "చూడు తల్లీ, ఆ ఆర్లిస్ గాడు నిన్ను ఆడిస్తున్నాడు. ఖైదీగాడి మాట పట్టుకుని మీ నాన్న కేసుని నువ్వే చెడగొడతావా?"

"బట్టలు నల్లగా ఉంటే కేసు గట్టిపడుతుంది. నువ్వు సంతోషించాలి కదా!"

ఆయన సంతోషించలేదు. "వేరేవాళ్ళ బుట్ట దించకూడదమ్మా, అరిష్టం" అన్నాడు. కుర్రతనంలో రెండేళ్ళు ఇదే గనిలో పనిచేశాడు, ఆ భయాలన్నీ తెలుసు.

"దించమని చెప్పింది బుట్టగలవాడే" అని ముప్ఫై మీద అంకె ఆపి తాళం లాగాను. ఊడొచ్చింది.

గొలుసు గరగరలాడుతూ వదులైంది. బుట్ట కిందికి దిగుతోంది. నల్లగా ఉండాలి, దేవుడా, నల్లగా ఉండాలి అనుకుంటూ దించాను.

చేతికందిన చొక్కా అట్టలా బిగుసుకుపోయి ఉంది. దులిపితే పిండి రాలింది. కాలరూ, మోచేతులూ, జేబులూ, పంట్లాం మడతలూ అన్నీ తెలుపు. టోపీ పట్టీలో తెలుపు. నమ్మలేక చొక్కా తిరగేశాను. చెమటకి తడిసిన చోట పొడి గట్టిపడి పెచ్చులు కట్టింది. ఆ పెచ్చుల పైన ఎక్కడా బొగ్గు మరక లేదు. ఆ సున్నం ఒంటి మీద పడ్డాక ఆ మనిషి బొగ్గు దగ్గరికే పోలేదు.

బల్ల మీద కూర్చున్నాను.

"ఇదేం తేల్చదు. ఏ రోజు సున్నమో ఏంటో" అన్నాడు డెంజిల్.

"ఆర్నెల్లుగా పొడి కొట్టలేదని నాన్నే ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం మా ఇంట్లో ఉంది."

"అయితే?" ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇక్కడ మనిద్దరమే ఉన్నాం, తల్లీ. నీ ఒంట్లో హోబర్ట్ రక్తం ఉంది. ఈ గుడ్డలు ఇలా ఇవ్వు, ఆ మూలనున్న పొయ్యిలో వేద్దాం. సోమవారం మధ్యాహ్నానికి అప్పీలు కొట్టేస్తారు. ఆర్లిస్ ఉన్నచోటే ఉంటాడు. నీక్కావలసింది అదేగా?"

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఒక్క నిమిషం పాటు నాక్కూడా అదే సబబనిపించింది. అగ్గిపెట్టె కోసం జేబు తడుముకున్నాను. వీడు కాకపోతే తొమ్మిదేళ్ళుగా నేను ఎవణ్ణి తిట్టుకున్నట్టు? ఎవణ్ణి చంపుకుంటూ నిద్రపోయినట్టు? వీడే అయ్యుండాలి. కానీ చేతిలో చొక్కా ఉంది. అది నా పగని లెక్కచెయ్యడం లేదు.

"వెర్నా అత్తతో ఒకసారి మాట్లాడి, అప్పుడు చెబుతా" అన్నాను.

"ఆ ముసల్దాని జోలికి పోకు." మొదటిసారి 'తల్లీ' అన్న మాట మింగేశాడు. "కోర్టు సాక్షిని బెదిరించావని కేసు పెట్టాల్సొస్తుంది. నీ లైసెన్సు ఊడుతుంది."

"పెట్టుకో బాబాయ్."

బట్టలన్నీ మూటగట్టి కారు డిక్కీలో పడేసి తాళమేశాను. ఆయన కొట్టం గుమ్మంలోనే నిలబడి నన్ను చూస్తున్నాడు.

*

నాలుగింటికి పది నిమిషాలుందనగా వెర్నా కూంబ్స్ ఇంటి ముందు కారాపాను. వసారా నుంచి రోడ్డు దాకా అడుగులు కొలిచాను. ముప్ఫై ఒకటి. నాన్న ట్రక్కు ఆగిన చోట ఇప్పుడు గడ్డి మొలిచింది. నాన్న ముక్కూ మొహం తెలియనివాళ్ళకి బండి ఆపే రకం కాదు. ఆరోజు ఆపి, అద్దం కూడా దించాడు. ఈ సంగతి నేను ఎప్పుడూ ఆర్లిస్ ఖాతాలోనే వేశాను. ఆ వారమే యూనియన్ మీటింగులో ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు మరి.

అత్త వంటింట్లో ఫోనులో అరుస్తోంది. "విన్నది చాల్లేవే, పెట్టెయ్యండింక! ఇంట్లో పనుల్లేవా మీకు?"

ఆ లోయలో తొమ్మిది ఇళ్ళకీ ఒకటే ఉమ్మడి లైను. ఒకరికి ఫోనొస్తే ఎనిమిది మంది ఎత్తి వింటారు.

"అందరూ పెట్టేశారు, ఒక్కతి తప్ప" అంది అత్త రిసీవరు పెట్టేసి. డెబ్బై దాటింది, చూపు మాత్రం సూదిలో దారం ఎక్కించే చూపు. "డెల్ఫా. ఆర్లిస్ వాళ్ళమ్మ. ఎత్తుద్ది, ఒక్క ముక్క మాట్లాడదు, ఊపిరి వినపడుతుంటది. కోర్టయినప్పట్నుంచీ దాంతో ఎవరూ మాట్లాడరుగా, మనుషుల గొంతు వినాలని ఎత్తుద్దనుకుంటా. నాలుగున్నరకి మా చెల్లెలు ఓమా చేస్తది చూడు, అప్పుడు లోయంతా హాజరు. కూచో పిల్లా, కాఫీ తాగుతావా?"

తీర్పు రోజున కోర్టు మెట్ల మీద డెల్ఫా నాకు ఎదురొచ్చి ఏదో చెప్పబోయింది. నేను ఆమె కాళ్ళ ముందు ఉమ్మేశాను. అందరూ చూశారు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు.

కాఫీ ఒద్దన్నాను. కేసు కాగితాల నకలు బల్ల మీద పెట్టాను. అత్త బీన్స్ కాయలు దారానికి గుచ్చుతూ కూర్చుంది.

"ఆ రోజు చూసింది మళ్ళీ చెప్పు అత్తా. కోర్టులో చెప్పినట్టు కాదు, చూసినట్టు చెప్పు."

"తుంపర పడతంది. కాల్చిన చప్పుడు రెండుసార్లు. తలెత్తితే గనివాడొకడు ట్రక్కు దగ్గర్నుంచి ఇటే వస్తన్నాడు. ముఖం నల్లగా ఉంది. పొడుగు మనిషి. టోపీ, వానకోటు. ఇదిగో ఇంత దగ్గర్లోంచి పోయాడు."

"ఎంతసేపు తడిశాడు?"

"కాసేపే..." అని ఆగింది. సూది గాల్లో నిలిచింది. "ముప్ఫయ్యేళ్ళు మొగుడి ముఖం కడిగాను, పిల్లా. బొగ్గు ముఖం మీద చుక్క పడితే చార కడద్ది. వాడి ముఖం మీద చారల్లేవు. నీళ్ళు జారిపోతన్నాయి, బాతు రెక్కల మీద జారినట్టు."

"కోర్టులో చెప్పలేదేం?"

"ఎవరడిగారు? 'ఈ మనిషేనా' అన్నారు, 'ఈ మనిషే' అన్నాను. అంతకంటే మాట్లాడనిచ్చారా?"

"మర్నాడు జైల్లో గుర్తుపట్టేటప్పుడు ఎంతమందిని నిలబెట్టారు?"

"ఎంతమందేంటి, ఒక్కణ్ణే. ముఖం నల్లగా, నెత్తిన టోపీ. నిన్న చూసినట్టే ఉన్నాడు."

నేను ముందుకు వంగాను. "ఆ నల్లటి ముఖంలో ఇంకేమైనా కనబడిందా? ఎక్కడైనా తేడాగా?"

అత్త ఇంకో కాయ గుచ్చింది. "చెవుల ఎనకాల తెల్లగా ఉంది, పిండి పూసినట్టు. మెడ మీద, జుట్టు కుదుళ్ళలో కూడా. గడ్డం సబ్బు కడుక్కోలేదేమో అనుకున్నా. ఇంకోటి, బూటు పాలిష్ వాసనొచ్చింది. గనివాడి దగ్గర ఆ వాసనేంటా అనుకున్నాలే."

బూటు పాలిష్. మైనంలాంటిది, వానకి చార కట్టదు. సున్నంతో పైకొచ్చిన మనిషి ముఖానికి రాత్రికి రాత్రి జైల్లో ఎవరో నలుపు పూసి, వేరే టోపీ పెట్టారు. కోర్టులో ఆర్లిస్ ఆ మాటంటే ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ముందురోజు రోడ్డు మీద నడిచినవాడు కూడా అదే పూసుకున్నాడు. బొగ్గు ముఖంతో ఈ రోడ్డు మీద నడిచేవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరని తెలిసినవాడు. కానీ ఆ సాయంత్రం గనిలో అందరూ తెల్లగా ఉన్నారని తెలియనివాడు.

"జైలుకి నిన్నెవరు తీసుకెళ్ళారు?"

"డెంజిలే. పొద్దున్నే ఏడింటికొచ్చి కారెక్కించుకున్నాడు."

"అప్పటికి నువ్వు చూసింది ఎవరికైనా చెప్పావా? సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"ఎవరికి చెప్తా? రాత్రంతా తలుపేసుకుని వణుకుతా కూచున్నా. వానకి ఫోను కూడా చచ్చింది. కారులో చెప్పబోతే డెంజిలే ఆపాడు. 'ముందు మనిషిని చూడు, తర్వాత రాసుకుంటా' అన్నాడు."

కాగితాలు నా ముందే ఉన్నాయి. వందసార్లు చదివినవే. ముద్దాయిని సాక్షి గుర్తించిన సమయం, ఉదయం ఏడూ యాభై. సాక్షి వాంగ్మూలం రాసుకున్న సమయం, తొమ్మిదీ పావు. మధ్యలో గంటా ఇరవై ఐదు నిమిషాలు. వేరే సాక్షి ఎవరూ లేరని పక్క పేజీలోనే ఉంది. ద్వేషంతో చదివినదాన్ని, అంకెలు చూడలేదు.

చంపినవాడి ముఖం నల్లగా ఉందని, వాడికి కాక ఈ లోకంలో వెర్నా అత్తకొక్కదానికే తెలుసు. అత్త ఎవరికీ చెప్పలేదు. ఏడూ యాభైకి ఆర్లిస్ ముఖం నల్లగా సిద్ధంగా ఉంది.

వసారాలో బూట్ల చప్పుడయింది. జాలీ తలుపు తెరుచుకుంది. డెంజిల్ గుమ్మంలో నిలబడి, అలవాటుగా ముందొక బూటూ తర్వాతొక బూటూ పిక్కల మీద రాసుకున్నాడు.

"డిక్కీ తాళంచెవి ఇటివ్వు, రేవా."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రెండు పొట్టి గంటలు, అంటే అత్త ఇంటికి. నాలుగున్నర. అత్త నా ముఖం వైపు చూసింది, నేను అత్త వైపు చూశాను. ఆమె రిసీవరెత్తి, "ఓమా, ఇంట్లో మనుషులున్నారే" అని, కొక్కేనికి తగిలించకుండా బీన్స్ గంప వెనకాల పెట్టింది. డెంజిల్ గమనించలేదు. టౌనులో సొంత లైనున్నవాడికి అవన్నీ గుర్తుండవు.

నేను గొంతు పెంచాను. "ఆర్లిస్ బట్టలున్న డిక్కీ తాళంచెవేగా, ఇస్తా. ముందొక్క ప్రశ్న, డెంజిల్." పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఆర్లిస్ ముఖానికి నలుపు ఎందుకు పూశావు?"

"గనివాడు కదా. గనివాడిలా చూపించాలిగా ముసల్దానికి."

"తెల్లగా పైకొచ్చిన గనివాణ్ణి నల్లగా మార్చాలని నీకెలా తోచింది?"

"ఈవిడే చెప్పింది, నల్లగా ఉన్నాడని."

"నేనా?" అత్త సూది బల్లకి గుచ్చింది. "నేను నోరిప్పానా? జైల్లో వాడి గది తలుపు తీస్తానే, 'నిన్న నువ్వు చూసింది ఇలాగేగా' అని నువ్వు కాదూ అంది? నీకెవరు చెప్పార్రా నేనెలా చూశానో?"

ఆయన వెనక్కి చెయ్యి చాపి తలుపు మూశాడు. తుపాకీ తోలు సంచీ గుండీ ఊడిన చప్పుడు వినబడింది.

"హోబర్ట్ కూడా ఇంతే" అన్నాడు మామూలు గొంతుతో. "చెయ్యెత్తగానే ఆపాడు. అద్దం దించి, 'ఏంట్రా డెంజిల్, ముఖానికి ఆ రంగేంటి' అని నవ్వాడు. ఇట్టే గుర్తుపట్టాడు. ఊరుకుంటే పోయేది, ఇన్‌స్పెక్టర్లని పిలిపించకుండా ఊరుకుంటే ఇంకా బాగుండేది. పెద్దవాళ్ళ గని అది, నన్ను పంపింది వాళ్ళే. మీకెందుకు? మీ సైజ్‌మోర్లకి అడగడం తప్ప ఆపడం రాదు."

నాన్న చివరిసారి నవ్వాడని అప్పుడు తెలిసింది. నవ్వుతున్న మనిషిని కాల్చాడు. బీన్స్ కోసే కత్తి నా చేతికి రెండడుగుల్లో ఉంది. దాన్ని వాడి గొంతులో దింపాలని నా ఒళ్ళంతా కోరింది. తొమ్మిదేళ్ళుగా పెంచుకున్న పగ ఎక్కడికీ పోలేదు, మనిషి మారాడంతే.

కత్తి ముట్టుకోలేదు. గంప వెనక్కి చెయ్యి పెట్టి రిసీవరు తీసి, వాడి వైపు ఎత్తి పట్టుకున్నాను.

"ఓమా అత్తా, వినబడిందా?"

"ప్రతి ముక్కా" అంది ఓమా గొంతు, గరగరమంటూ.

"నేనూ విన్నా" అన్నాడు ఇంకెవరో మగమనిషి. "మేమూ విన్నాం. మా ఆయన ట్రక్కు తీస్తన్నాడు." "పై ఇంట్లో మేం కూడా." గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అవతలి గట్టు మీద ఇంజను స్టార్టయిన చప్పుడు కిటికీలోంచి వచ్చింది, దాని వెనకే ఇంకొకటి. ఆ లోయలో తుపాకీ లేని ఇల్లు లేదు.

డెంజిల్ చెయ్యి తుపాకీ మీదే ఉండిపోయింది. ముఖం పాలిపోయి, చెవుల దాకా తెల్లబడింది.

"కాల్చుకో" అన్నాను. "నన్నూ అత్తనీ కాల్చినా ఇంకా ఎనిమిది ఇళ్ళు మిగిలున్నాయి. వాళ్ళందరి ముఖాలకీ పూయడానికి పాలిష్ ఉందా నీ దగ్గర? లేకపోతే ఆ కుర్చీలో కూచో. ఆర్లిస్ కూచున్న చోటికి నిన్ను నా చేత్తో పంపి, బతికున్నంతకాలం నెలకోసారి వచ్చి చూసిపోతా."

వాడు కూర్చున్నాడు. అత్త లేచి, తోలు సంచీలోంచి తుపాకీ లాగేసి బీన్స్ గంపలో పడేసింది.

లైనులో ఒక్కొక్క గొంతే సద్దుమణిగింది. చివరికి ఊపిరి ఒక్కటే మిగిలింది. ఎవరిదో నాకు తెలుసు. రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాను.

"రేవా" అంది ముసలి గొంతు. మాట్లాడి చాలా కాలమైన గొంతు. "ఆ బట్టలు... నా పిల్లాడి బట్టలు ఉతక్కమ్మా. సోమవారం అట్నే పట్టుకురా."

డెంజిల్ మీద నుంచి చూపు తిప్పకుండా జవాబు చెప్పాను.

"ఉతకను, డెల్ఫా అత్తా."